కొండవాలులో ఆరువందల మంది ఆఫీసు: సెక్షన్ నుంచి మొదలైన డిజైన్

ప్రకృతిలో కలిసిపోయే హెడ్డాఫీసు కావాలనే క్లయింట్లు పట్టుకొచ్చే బొమ్మలు దాదాపు ఒకేలా ఉంటాయి. పైన పచ్చిక రూఫ్, గోడలకు తీగలు, చుట్టూ అద్దం. ఇవన్నీ చివర్లో తేల్చుకునేవి. కట్టడం ఆ నేలలో ఇముడుతుందో లేదో అంతకు చాలా ముందే, మూడు ప్రశ్నల దగ్గర తేలిపోతుంది: తవ్విన మట్టీ రాయీ ఎక్కడికి పోతాయి, కార్లు ఎక్కడ ఆగుతాయి, పై నుంచి వచ్చే వాన నీరు బిల్డింగును దాటి ఎలా దిగుతుంది. ఈ మూడూ ఎలివేషన్‌లో (బయటి ముఖం బొమ్మలో) కనపడవు. సెక్షన్ (నేలతో సహా నిలువుగా కోసి చూపే బొమ్మ) గీస్తే బయటపడతాయి.

ఉదాహరణకు తీసుకున్న బ్రీఫ్ (క్లయింట్ అవసరాలు, స్థలం వివరాలు) ఇది. స్థలం 9 హెక్టార్లు. వాలు ఉత్తరానికి, 10 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగుతుంది. అడుగున వానాకాలం మాత్రమే పారే వాగు. పైభాగంలో గ్రానైట్ పరుపుబండ, దాని మీద 15 సెంటీమీటర్ల మట్టి, 6 నుంచి 8 మీటర్ల ఎత్తు చెట్లున్న చిట్టడవి. అక్షాంశం 17 డిగ్రీల ఉత్తరం, వేసవి గరిష్ఠం 42 డిగ్రీలు, ఏడాది వాన 800 మిల్లీమీటర్లు. ఉద్యోగులు 600 మంది. క్యాంటీన్, ట్రైనింగ్ గదులు, సర్వర్ గది అన్నీ కలిపి మనిషికి 17 చ.మీ. చొప్పున 10,200 చ.మీ. నిర్మాణం. గేటు పక్కన ఎప్పుడో వదిలేసిన మొరం గుంట ఒకటి ఉంది. కింద వచ్చే అంకెలన్నీ డిజైన్ దశ లెక్కలు. మీ సైటులో వాలు, వాన, రాయి మారితే అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

ఫ్లోర్ వెడల్పు, వాలు, వంతెన

ముందు ఫ్లోర్ వెడల్పు. కిటికీ పై అంచు 3 మీటర్ల ఎత్తులో ఉంటే పనికొచ్చే వెలుతురు లోపలికి దానికి రెండు, రెండున్నర రెట్లు, అంటే 6 నుంచి 7.5 మీటర్ల దాకా వస్తుంది. రెండు వైపులా కిటికీలుంటే ఫ్లోర్ 15 మీటర్లకు మించకూడదు. ఈ ఒక్క అంకె ఖాయమయ్యాక మిగతావి వరసగా వస్తాయి. చెట్లు 8 మీటర్లు దాటవు కాబట్టి రెండంతస్తులు చాలు. ఒక్కోటి 90 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పుతో నాలుగు బ్లాకులు, కాంటూర్ (నేల ఒకే ఎత్తులో ఉండే గీత) వెంట ఒకదాని కింద ఒకటి. నాలుగూ కలిసి నేల మీద ఆక్రమించేది 5,400 చ.మీ., స్థలంలో 6 శాతం.

బ్లాకుల మధ్య దూరం లెక్కతో పెట్టింది. అంతస్తు ఎత్తు 4 మీటర్లు. వాలు పదికి ఒకటి కనుక 40 మీటర్ల దూరంలో నేల సరిగ్గా 4 మీటర్లు దిగుతుంది. అందుకని బ్లాకు మధ్య నుంచి బ్లాకు మధ్యకు 40 మీటర్లు. అప్పుడు పై బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్, దాని కింది బ్లాకు మొదటి అంతస్తు ఒకే లెవెల్‌కు వస్తాయి. మధ్యలో 25 మీటర్ల వంతెన మెట్టు గానీ ర్యాంపు గానీ లేకుండా సమంగా సాగుతుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి బ్లాకుకొక లిఫ్టుతో నాలుగు బ్లాకులూ తిరిగి రావచ్చు. ఇదే 4 మీటర్లను బయట ర్యాంపుతో దిగాలంటే పన్నెండుకు ఒకటి చొప్పున 48 మీటర్లు, పైగా మధ్యమధ్య ల్యాండింగులు. దానికోసం ఒక తోట మొత్తం కాంక్రీటు అయ్యేది.

ఈ వంతెనలకు ఇంకో పని కూడా ఉంది. చల్లటి నీటి పైపులు, కరెంటు, డేటా కేబుళ్ళు అన్నీ వాటి డెక్ కింద వేలాడుతూ వెళ్తాయి. అలా చేయకపోతే బ్లాకుల మధ్య కాపాడిన నేలను ప్రతి సర్వీసుకూ ఒకసారి అడ్డంగా తవ్వాలి. చెట్టు కాండం వ్యాసానికి పన్నెండు రెట్ల వ్యాసార్థంలో వేళ్ళను కదిలించకూడదన్నది చెట్ల రక్షణలో వాడుకలో ఉన్న కొలత. 40 సెంటీమీటర్ల కాండానికి చుట్టూ 4.8 మీటర్లు. బ్లాకుల మధ్య అలాంటి చెట్లు నాలుగుంటే ట్రెంచ్ పోవడానికి దారే ఉండదు.

ఇక దిశ. పొడవాటి ముఖాలు సూటిగా ఉత్తరం, దక్షిణం చూడాలని పాఠం. ఇక్కడి కాంటూర్ మాత్రం 14 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంది, ఉత్తర ముఖం కాస్త పడమరకు మొగ్గుతుంది. బ్లాకును తిప్పి దిశ సరిచేస్తే 90 మీటర్ల పొడవులో ఒక కొస కాంటూర్‌కు అడ్డంగా 21.8 మీటర్లు జరుగుతుంది. అంటే రెండు కొసల నేల మట్టాల మధ్య 2.2 మీటర్ల తేడా. అది ఒక కొసన బండ కొట్టడం, రెండో కొసన ఎత్తు పోయడం. తిప్పకుండా కాంటూర్ వెంటే ఉంచితే నష్టమేమిటి? జూన్‌లో అస్తమించే సూర్యుడు ఉత్తరం నుంచి దాదాపు 65 డిగ్రీలు పడమరగా ఉంటాడు. ముఖం సరిగ్గా ఉత్తరం చూస్తే, 900 మిల్లీమీటర్లకొకటి పెట్టిన నిలువు ఫిన్‌లు (ఎండను ఆపే పలకలు) 400 మిల్లీమీటర్ల లోతున్నా ఎండ ఆగిపోతుంది. 14 డిగ్రీలు మొగ్గితే అదే దూరంలో 600 లోతు పెట్టాలి. అది కూడా జూన్‌లో సౌర సమయం సాయంత్రం 5 దాకానే కాస్తుంది, ఆ తర్వాతి వాలు ఎండను చెట్లకు వదిలేయాలి. ఫిన్‌కు 200 మిల్లీమీటర్ల రేకు అదనంగా పెట్టడమా, 2.2 మీటర్ల బండ కొట్టడమా అన్నది ఎంపిక. ఫిన్ పెట్టడమే మేలు.

తవ్వకం

15 మీటర్ల వెడల్పులో నేల 1.5 మీటర్లు దిగుతుంది. కాంట్రాక్టర్లకు ఇష్టమైన పద్ధతి, కింది అంచు లెవెల్‌కు మొత్తం కోసేసి చదును చేయడం. అలా చేస్తే మీటరు పొడవుకు 11.25 ఘ.మీ., నాలుగు బ్లాకుల 360 మీటర్లకు 4,050 ఘ.మీ. తవ్వకం, అందులో ఎక్కువ భాగం రాయి. ఫ్లోర్‌ను మధ్య లెవెల్‌కు పెట్టి, పైసగం నేలలోకి కోసి, కిందిసగం స్తంభాల మీద నిలబెడితే మీటరుకు 2.81 ఘ.మీ., మొత్తం 1,012 ఘ.మీ. చాలు. పునాదుల తవ్వకం రెండింటికీ వేరే. ఒక్క లెవెల్ నిర్ణయంతో తవ్వకం నాలుగో వంతుకు దిగింది. కిందిసగంలో ఎత్తు పోయడం లేదు కనుక అక్కడ రిటైనింగ్ వాల్ అవసరం కూడా పోయింది.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. స్తంభాల కింద మిగిలే సందు కింది అంచు దగ్గర 0.75 మీటర్లు, లోపలికి వెళ్ళేకొద్దీ సున్నా. మనిషి దూరి శుభ్రం చేయలేడు, కుక్కలు, పాములు, ప్లాస్టిక్ సంచులు మాత్రం దూరుతాయి. దీన్ని రాతిపేర్పుతో మూసి, గాలి ఆడటానికి 2 మీటర్లకొక జాలీ బిగించాలి. కేబుల్ లోపలికి పోయే ప్రతి రంధ్రాన్నీ అదే రోజు మూసేయాలి. అడవిలో కట్టి, తర్వాత ఆఫీసులోకి పాము వచ్చిందని ఫిర్యాదు చేయడంలో అర్థం లేదు.

బండను పేల్చకూడదు. పేలుడు అదురు పక్క బండల్లో పగుళ్ళు తెస్తుంది, ఊటదారులు మారిపోవచ్చు. బదులుగా ఉబ్బే రసాయన మోర్టార్ వాడాలి. 38 మిల్లీమీటర్ల రంధ్రాలు 30–40 సెంటీమీటర్లకొకటి వేసి, మోర్టార్ పోసి ఒక రోజు వదిలితే రాయి తనంతట తనే చీలుతుంది. ఎండ వేళ మాత్రం ఇది ప్రమాదం. రంధ్రం వేడిగా ఉంటే మోర్టార్ తుపాకీ గుండులా పైకి తన్నుకొస్తుంది, కళ్ళు పోతాయి. వేసవి గ్రేడ్ పొడి తెప్పించి, తెల్లవారుజామున చల్లటి నీటితో కలిపి పోయాలి, కళ్ళద్దాలు లేనివాడిని ఆ దరికి రానివ్వకూడదు.

1,012 ఘ.మీ. బండ చీల్చాక ఉబ్బి దాదాపు 1,400 ఘ.మీ. అవుతుంది. నాలుగు బ్లాకుల కొస గోడలు కలిపి 960 చ.మీ., 30 సెంటీమీటర్ల మందం రాతికట్టుకు 288 ఘ.మీ. పోతుంది. మిగిలిన 1,100 చిల్లర ఘనపు మీటర్లను సైటులోనే క్రషర్ పెట్టి కంకర చేస్తే, పార్కింగ్ అడుగున 27 సెంటీమీటర్ల పొరగా సరిపోతుంది. ఒక్క లారీ రాయి కూడా గేటు దాటి బయటికి పోదు.

పైమట్టిని మొదటే 15 సెంటీమీటర్ల లోతున తీసి వేరుగా దాచాలి. నాలుగు బ్లాకుల చుట్టూ కదిలించే నేల 9,216 చ.మీ., దాన్నుంచి 1,380 ఘ.మీ. మట్టి. కుప్ప ఎత్తు 1.5 మీటర్లు మించితే లోపల గాలాడక మట్టిలోని జీవం చచ్చిపోతుంది. ఆ ఎత్తుకు వాలు అంచులతో కలిపి 1,200 చ.మీ. చోటు కావాలి. అడవిలో అంత చోటెక్కడిది? పార్కింగ్ కోసం అనుకున్న మొరం గుంటలో. అందుకే పార్కింగ్ అన్నిటికంటే చివర కట్టేది. అప్పటిదాకా అది మట్టి కుప్ప, క్రషర్, స్టీల్ యార్డ్.

కార్లు

రోజూ వచ్చేది 480 మంది అనుకుందాం. తిరిగే దారితో కలిపి కారుకు 25 చ.మీ. అందరూ కారులో వస్తే 12,000 చ.మీ. అంటే ఆఫీసు మొత్తం ఫ్లోర్ ఏరియా కంటే ఎక్కువ, బ్లాకులు ఆక్రమించిన నేలకు రెట్టింపు దాటి. రూఫ్ మీద ఎంత గడ్డి పెంచినా ఈ తారు మైదానాన్ని కప్పలేదు.

కార్లను 150కి కట్టడి చేసి, మిగతావాళ్ళకు కంపెనీ బస్సులు, టూవీలర్లు పెడితే 3,750 చ.మీ. కార్లకు, 400 చ.మీ. టూవీలర్లకు. మొత్తం 4,150. ఇది మొరం గుంటలో పడుతుంది, ఎప్పుడో పాడైపోయిన నేల కనుక కొత్తగా పోయేదేమీ లేదు. ఉద్యోగులు అక్కణ్నుంచి మొదటి బ్లాకుకు చెట్ల కింద నడిచి వస్తారు. వికలాంగుల కార్లకు, అంబులెన్సుకు మాత్రమే తలుపు దాకా దారి. ఫైరింజన్ దారి గురించి ఫైర్ ఆఫీసుతో కాన్సెప్ట్ దశలోనే మాట్లాడాలి. కంకర, గడ్డి కలిసిన దారి బరువు మోస్తుందని పరీక్షతో చూపిస్తే ఒప్పుకోవచ్చు. చివర్లో అడిగితే 6 మీటర్ల తారు రోడ్డు చుట్టూ వేయమంటారు, డిజైన్ అక్కడితో పోతుంది.

ఇంధనం లెక్క కూడా ఇక్కడే చూడాలి. బిల్డింగుకు చ.మీ.కు ఏడాదికి 75 యూనిట్ల లక్ష్యం పెడితే మొత్తం 7,65,000 యూనిట్లు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే 535 టన్నులు. 480 మంది రోజుకు 40 కిలోమీటర్లు, ఏడాదికి 230 రోజులు, లీటరుకు 15 కిలోమీటర్ల కారులో వస్తే 2,94,400 లీటర్ల పెట్రోలు. లీటరుకు 2.3 కిలోల చొప్పున 677 టన్నులు. ఊరికి దూరంగా, అడవి పక్కన కట్టే ‘గ్రీన్’ ఆఫీసుల గురించి ఎవరూ మాట్లాడని లెక్క ఇది. బస్సు బడ్జెట్ లేకుండా ఈ ప్రాజెక్టు ముందుకు పోకూడదు.

పై నుంచి దిగే నీరు

90 మీటర్ల బ్లాకును కాంటూర్ వెంట పెట్టడమంటే వాలుకు అడ్డంగా ఆనకట్ట కట్టడమే. మొదటి బ్లాకు పైన ఇంకా 120 మీటర్ల వాలు ఉంది. గంటలో 60 మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం పారితే 324 ఘ.మీ., సెకనుకు 90 లీటర్లు వెనక గోడకొచ్చి తగులుతుంది.

మొదటి ఆలోచన ఎప్పుడూ పైపే. గోడ వెంట కాలువ తీసి, చివరన ఒక పైపుతో కిందికి వదలడం. అలా వదిలిన నీరు రెండు వానాకాలాల్లో కింద గండి కోస్తుంది, మధ్యనున్న చెట్లకు మాత్రం తేమ అందక ఎండిపోతాయి. చేయాల్సింది, నీరు ఎలా పరచుకుని వచ్చిందో దాటాక అలాగే పరచడం.

అందుకని ప్రతి బ్లాకులో గ్రౌండ్ ఫ్లోర్‌ను రెండు చోట్ల 5 మీటర్ల వెడల్పున తెరిచి వదిలాం. పై అంతస్తు మాత్రం ఏకంగా సాగుతుంది. నేల మీద సహజంగా నీరు దిగే పల్లాలు ఎక్కడున్నాయో చూసి ఆ సందులు పెట్టాలి, డ్రాయింగులో సమంగా పంచి కాదు. వీటివల్ల బ్లాకుకు 150 చ.మీ. పోయింది, 2,700 బదులు 2,550. గ్రౌండ్ ఫ్లోర్ కూడా మూడు ముక్కలైంది. కనుక అక్కడ క్యాంటీన్, ట్రైనింగ్, మీటింగ్ గదులు, సర్వర్ పెట్టి, డెస్కులు వీలైనంత పైన పెట్టాలి.

వెనక గోడకు 1.5 మీటర్ల దూరంలో 600 వెడల్పు, 450 లోతున్న రాతి పరుపు కాలువ, నూటికి ఒకటి వాలుతో. లెక్క ప్రకారం ఇందులో సగం సైజు చాలు. కానీ మొదటి పెద్ద వానకు ముందు కాలువ నిండా ఆకులే ఉంటాయి. సందు దాటాక నీరు 5 మీటర్ల పొడవైన రాతి గడప మీదుగా పొర్లాలి. ఈ గడప అంతా ఒకే మట్టానికి ఉండాలి, 5 మిల్లీమీటర్ల లోపు తేడాతో. ఒక కొస 20 మిల్లీమీటర్లు కుంగితే నీరంతా ఆ మూలనుంచే పోయి గుంట కొడుతుంది, తర్వాత గడపే ఊడిపోతుంది. అందుకే దీన్ని పోతమట్టి మీద కాక బండ మీదే కూర్చోబెట్టాలి. మట్టం చూసే పని మేస్త్రీకి వదలకుండా ఆటో లెవెల్ (మట్టం కొలిచే పరికరం) పెట్టి చూడాలి.

పార్కింగ్ దగ్గర పని తేలిక. 27 సెంటీమీటర్ల కంకర పొరలో 30 శాతం ఖాళీ ఉంటే 336 ఘ.మీ. నీరు పడుతుంది. 60 మిల్లీమీటర్ల వానకు అక్కడ కురిసేది 249. అయితే కంకరను కడిగి పరచాలి. క్రషర్ పొడితో సహా పోస్తే ఖాళీలు పూడుకుపోయి ఒక్క సీజన్‌లో పైన నీళ్ళు నిలుస్తాయి.

రూఫ్: ముగ్గురు దావాదారులు

ఒకే రూఫ్‌ను సోలార్ ప్యానెళ్ళు అడుగుతాయి, మొక్కలు అడుగుతాయి, వాన నీటి ట్యాంకు అడుగుతుంది. మూడింటికీ తలా కాస్త పంచితే ఏదీ సరిగా పనిచేయదు. ఇక్కడ తీర్పు సెక్షనే ఇచ్చింది. కింది మూడు బ్లాకుల రూఫులు, వాటి పైనున్న బ్లాకుల మొదటి అంతస్తు కిటికీల్లోంచి కనిపిస్తాయి. అన్నిటికంటే పై బ్లాకు రూఫ్ ఎవరికీ కనిపించదు. కనుక మొక్కలు కింది మూడింటి మీద (4,050 చ.మీ.), ప్యానెళ్ళు పైదాని మీద. ట్యాంకుకు నీళ్ళు కూడా ప్యానెళ్ళ రూఫ్ నుంచే. మట్టి గుండా దిగిన నీటికి రంగు పడుతుంది, దాన్ని తాగునీటి ట్యాంకులో కలపకూడదు.

7,65,000 యూనిట్లకు, కిలోవాట్‌కు ఏడాదికి 1,450 యూనిట్లు వస్తాయనుకుంటే 528 కిలోవాట్లు కావాలి. 150 కార్ల పైకప్పు 1,875 చ.మీ., అందులో తొంభై శాతం ప్యానెల్ పరిస్తే 354 కిలోవాట్లు. మిగిలిన 174 కిలోవాట్లకు 830 చ.మీ. ప్యానెళ్ళు, 1,350 చ.మీ. రూఫ్ మీద నడకదారులు వదిలినా పడతాయి.

మొక్కల రూఫ్ పొరలు కింది నుంచి: స్లాబ్, వాలు కాంక్రీటు, వాటర్‌ప్రూఫ్ మెంబ్రేన్, వేళ్ళను ఆపే షీటు, 40 మిల్లీమీటర్ల డ్రైనేజి బోర్డు, ఫిల్టర్ గుడ్డ, 200 మిల్లీమీటర్ల మట్టి మిశ్రమం. నీరు పీల్చాక మిశ్రమం ఘనపు మీటరుకు 1,400 కిలోలు అనుకుంటే చ.మీ.కు 280 కిలోలు, ఒక్కో బ్లాకు మీద 378 టన్నులు. ఈ బరువు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు మొదటి రోజే చెప్పాలి. ‘తర్వాత గ్రీన్ రూఫ్ వేద్దాం’ అనే మాటకు స్లాబ్ ఒప్పుకోదు.

దాచిన పైమట్టిని నేరుగా రూఫ్ మీద పోయడం చాలామంది చేసే పని. అందులోని బంకమన్ను ఫిల్టర్ గుడ్డ రంధ్రాలను మూసేస్తుంది, నీరు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. రూఫ్ మిశ్రమంలో మూడింట రెండు వంతులకు పైగా తేలికపాటి రాతి గుళికలు, ఇటుక ముక్కలు లాంటివి ఉండాలి. సైటు మట్టిని కేవలం విత్తనాల కోసం, పైన పలచగా చల్లాలి. మెంబ్రేన్ వేశాక 50 మిల్లీమీటర్ల నీరు నిలిపి 72 గంటలు ఆగాలి. మట్టి పోశాక లీకు ఎక్కడుందో వెతకడమంటే 378 టన్నులు పారతో తిరగేయడం. లీకులు చాలావరకు పారాపెట్ (పిట్టగోడ) మడత దగ్గర, పైపు రూఫ్‌ను దాటే చోట వస్తాయి. అందుకే అక్కడ అరమీటరు వెడల్పున మట్టి లేకుండా గులకరాళ్ళు పోసి వదలాలి. తనిఖీకి తేలిక, డ్రెయిన్ మూసుకోదు.

రంగు విషయంలో క్లయింట్‌తో ముందే తేల్చుకోవాలి. వాడిన నీటిని శుద్ధి చేస్తే రోజుకు 18 ఘ.మీ. చిల్లర వస్తుంది. టాయిలెట్ ఫ్లష్‌కు 9.6 పోగా మిగిలేది దాదాపు 9. రూఫ్ మొత్తాన్ని వేసవిలో పచ్చగా ఉంచాలంటే రోజుకు 3 మిల్లీమీటర్ల చొప్పున 12 ఘ.మీ. కావాలి. 2 మిల్లీమీటర్లయితే 8, సరిపోతుంది. ఆ నీటితో స్థానిక గడ్డిజాతులు బతుకుతాయి, కానీ ఏప్రిల్‌లో గోధుమరంగుకు తిరుగుతాయి. అలా తిరగడమే కావాలి. చుట్టూ కొండంతా ఎండుగడ్డి రంగులో ఉంటే మూడు రూఫులు మాత్రమే గోల్ఫ్ మైదానంలా మెరిస్తే, కలిసిపోయిందెక్కడ? ఎండుగడ్డికి నిప్పు భయం ఉంది కనుక 40 మీటర్లకొకటి చొప్పున మీటరు వెడల్పు గులకరాళ్ళ పట్టీ అడ్డంగా ఉండాలి. బిల్డింగ్ చుట్టూ 10 మీటర్ల దాకా పొదలు, ఎండుటాకులు ఏటా తీసేయాలి.

రూఫ్ మీద పచ్చిక కొత్త సంగతి కాదు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన విల్లిస్ ఫేబర్ అండ్ డూమాస్ ఆఫీసు మీద 1975లోనే ఉద్యోగుల కోసం గడ్డి పరిచారు. అయితే ఆ గడ్డికి ఇంగ్లండ్ వాన ఉంది.

గోడ, అద్దం, చల్లదనం

చెట్లను ప్రతిబింబించే అద్దం పెడితే బిల్డింగ్ మాయమైపోతుందనేది ఫోటోలో మాత్రమే నిజం. పక్షి ఆ చెట్టు నిజమనుకుని గుద్దుకుని చస్తుంది. అద్దాన్ని దక్షిణాన గోడలో 25 శాతానికి, ఉత్తరాన 30 శాతానికి పరిమితం చేసి, బయటి ముఖం మీద 5 సెంటీమీటర్లకొక చుక్క చొప్పున ముద్రించాలి. లోపలి ముఖం మీద వేస్తే ప్రతిబింబం అలాగే ఉంటుంది, చుక్క పనిచేయదు. దక్షిణాన డిసెంబరు మధ్యాహ్నపు సూర్యుడు 49.5 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 1.5 మీటర్ల కిటికీకి పూర్తి నీడ కావాలంటే 1.28 మీటర్ల చూరు. దాన్ని రెండుగా విడగొట్టి 64 సెంటీమీటర్ల చొప్పున పైన ఒకటి, మధ్యలో ఒకటి పెడితే నీడలో తేడా రాదు, మధ్యది లైట్ షెల్ఫ్‌గా (వెలుతురును సీలింగ్ మీదికి తిప్పే పలకగా) కూడా పనిచేస్తుంది.

ఫిన్‌లకు తుప్పు రంగు స్టీలు చాలామందికి నచ్చుతుంది. ఈరో సారినెన్ డిజైన్‌తో అమెరికాలోని మోలిన్‌లో 1964లో పూర్తయిన డీర్ అండ్ కంపెనీ హెడ్డాఫీసు ఆ స్టీలును కట్టడాల్లోకి తెచ్చింది. తడిసి, ఆరే చోట ఆ తుప్పు పొర గట్టిపడుతుంది. నీరు నిలిచే జాయింట్లలో, ఉప్పు గాలిలో మాత్రం తినేస్తూనే పోతుంది. మొదటి కొన్ని వానాకాలాలు తుప్పు నీరు కారుతుంది, కింద లేతరంగు రాయి పరిస్తే మరకలు పోవు. ఇక్కడ ఫిన్‌ల కింద గులకరాళ్ళే ఉన్నాయి.

చల్లదనానికి స్లాబ్‌లో పైపులు వేసే రేడియంట్ పద్ధతి, తోడుగా తాజా గాలికి మాత్రం విడిగా యూనిట్లు. ఇన్ఫోసిస్ హైదరాబాద్ పోచారం క్యాంపస్‌లో 2011లో ఒకే బిల్డింగును రెండు సగాలు చేసి, ఒకటి రేడియంట్, ఒకటి మామూలు ఏసీతో నడిపి పోల్చారు. రేడియంట్ సగం చల్లదనానికి వాడిన కరెంటు మూడో వంతు తక్కువ తేలింది. వానాకాలం కిటికీ తెరిస్తే సీలింగ్ మీద చెమ్మ పడుతుంది కనుక స్లాబ్ ఉష్ణోగ్రత డ్యూ పాయింట్‌కు (గాలిలోని తేమ నీటిబొట్లయ్యే ఉష్ణోగ్రతకు) ఒకటి రెండు డిగ్రీలు పైన ఉండేలా కంట్రోల్, కిటికీలకు సెన్సర్లు తప్పవు. కాంక్రీటు పోసేటప్పుడు పైపుల్లో 6 బార్ల ఒత్తిడి నిలిపి గేజి చూస్తూ ఉండాలి, ఎవరి బూటు కింద పైపు చితికినా ముల్లు పడిపోతుంది. అసలు ముప్పు తర్వాత వస్తుంది. ఫాల్స్ సీలింగ్ వాడో, ప్రొజెక్టర్ బిగించేవాడో డ్రిల్ పెడతాడు. యాంకర్ లోతు 40 మిల్లీమీటర్లకు మించకూడదని బోర్డు రాయాలి, పైపుల ఫోటోలు గదుల వారీగా దాచాలి.

కంచె ముందు, జేసీబీ తర్వాత

సైటులోకి మొదటి యంత్రం రాకముందే కదిలించే హద్దు మీద కంచె ఉండాలి. బ్లాకు పైవైపు 6 మీటర్లు, కిందివైపు 3 మీటర్లు మాత్రమే పనికి. 25 మీటర్ల ఖాళీలో 16 మీటర్ల పట్టీ ఎవరూ తొక్కకుండా మిగులుతుంది. కిందివైపు 3 మీటర్లు చాలాలంటే కిటికీలు, ఫిన్‌లు లోపలి నుంచే బిగించేలా డిటైల్ చేయాలి, లేకపోతే క్రేన్ కోసం కంచె జరుపుతారు. కట్టడం, పార్కింగ్, 400 మీటర్ల రోడ్డు కలిపి కదిలేది 15,400 చ.మీ. చిల్లర, స్థలంలో 17 శాతం. ఈ గీతను కాంట్రాక్టులో రాసి, దాటిన ప్రతి చెట్టుకూ జరిమానా పెట్టకపోతే, పని మధ్యలో అది కాగితం మీదే ఉంటుంది. నిర్మాణపు దారి, రేపటి రోడ్డు ఒకటే. సిమెంటు మిక్సర్లు కడిగే గుంట పార్కింగ్ చోటే. సిమెంటు నీరు మట్టిలోకి పోతే అక్కడ ఏళ్ళ తరబడి ఏదీ మొలవదు.

కంపెనీ వెళ్ళిపోతే

అమెరికాలోని ఫెడరల్ వేలో వేయర్‌హౌజర్ హెడ్డాఫీసు ఈ తరహాలో అందరూ చూసే కట్టడం. స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ సంస్థ తరఫున ఎడ్వర్డ్ చార్లెస్ బాసెట్ డిజైన్, పీటర్ వాకర్ ల్యాండ్‌స్కేప్, 1971లో పూర్తయింది. రెండు గుట్టల మధ్య లోయకు అడ్డంగా, మెట్లుమెట్లుగా పరచుకున్న టెర్రసుల మీద తీగలతో నేలలా కనిపిస్తుంది. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ 2001లో దానికి ఇరవైయ్యైదేళ్ళ అవార్డు ఇచ్చింది. 2016లో కంపెనీ సియాటిల్ నగరం మధ్యకు మారిపోయింది. ఒకే కంపెనీ కోసం అచ్చుపోసిన అంత పొడవాటి కట్టడానికి, ఊరి బయట, కొత్త వాడుకదారును వెతకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

అందుకే ఇక్కడ నాలుగు బ్లాకులూ విడివిడిగా బతికేలా పెట్టాం. ఒక్కోదానికి సొంత మెట్లు, లిఫ్టు, టాయిలెట్లు, కరెంటు మీటరు, నీటి మీటరు, చల్లదనం కొలిచే బీటీయూ మీటరు. 2,550 చ.మీ. అంటే మధ్యరకం సంస్థ అద్దెకు తీసుకోగల సైజు. పైపులు వంతెనల కింద వెళ్తాయి కనుక ప్రతి వంతెనకూ రెండు కొసల్లో వాల్వులు, తలుపుకు యాక్సెస్ తాళం ఉండాలి. వాల్వు ఒక్క కొసలోనే పెడితే, మధ్య బ్లాకులో మరమ్మతు వచ్చిన రోజు దాని కిందున్న బ్లాకులన్నిటికీ చల్లదనం ఆగిపోతుంది. పైపును రింగ్‌లా, నాలుగో బ్లాకు నుంచి మళ్ళీ మొదటికి, అవే వంతెనల రెండో పక్క నుంచి తిప్పుకొస్తే ఆ ఇబ్బంది కూడా ఉండదు.